ఎవరైనా రాయొచ్చు... సరిచూసేదెవరు?

సందేహం రాగానే చేయి ఫోను మీదికి పోతుంది. చాలాసార్లు మొదట తెరుచుకునేది వికీపీడియా పేజీయే. పిల్లల ప్రాజెక్టు పనికైనా, డాక్టరు చెప్పిన జబ్బు పేరు అర్థంకాక కంగారుపడినా, సొంతూరి చరిత్ర కావాలన్నా అదే దిక్కు. జీతం లేకుండా, చాలామంది అసలు పేరైనా చెప్పకుండా రాసే ఆ పేజీలను ఏ ధైర్యంతో నమ్మాలి? నిపుణులు సరిచూస్తే ఆ నమ్మకం గట్టిపడుతుందా? పాతికేళ్లుగా ప్రపంచం ఈ ప్రశ్నతో కుస్తీ పడుతోంది. ఆ అనుభవంలో తెలుగువాళ్లు చేయాల్సిన పని కూడా ఒకటి కనిపిస్తోంది.

గోవాలో బిచోలిం అని ఒక పట్టణం ఉంది. 1640-41లో అక్కడ పోర్చుగీసువారికీ మరాఠా సామ్రాజ్యానికీ యుద్ధం జరిగిందనీ, చివరికి అది సంధితో ముగిసిందనీ 2007 జులైలో ఇంగ్లిషు వికీపీడియాలో ఒక వ్యాసం వెలిసింది. దాదాపు నాలుగున్నర వేల మాటల వ్యాసం. యుద్ధానికి కారణాలు, దాడులు, ఒప్పందం అన్నీ వివరంగా ఉన్నాయి. అడుగున పుస్తకాల పేర్లూ ఉన్నాయి. కొద్ది నెలల్లోనే దానికి 'మంచి వ్యాసం' హోదా వచ్చింది. అంతకన్నా పెద్దదైన 'విశేష వ్యాసం' హోదాకు కూడా ప్రతిపాదించారు గానీ, మరీ కొద్ది పుస్తకాల మీదే ఆధారపడిందని తిరస్కరించారు. ఐదేళ్లు గడిచాయి. 2012 చివర్లో ఒక వాడుకరికి అనుమానం వచ్చి, ఆ పుస్తకాల కోసం వెతికాడు. అలాంటి పుస్తకాలు ఎక్కడా లేవు. ఆ యుద్ధమూ జరగలేదు. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఎవరో కూర్చుని అల్లిన కథ అది.

ఆ వ్యాసాన్ని ఎవరూ చూడలేదని అనలేం. చూశారు, మెచ్చుకున్నారు, హోదా ఇచ్చారు. భాష చక్కగా ఉంది, విభాగాలు పద్ధతిగా ఉన్నాయి, చెప్పిన విషయాలకు మూలాలు చూపించారు. నిబంధనలు అడిగేవి అవే కాబట్టి అవి ఉన్నాయో లేదో చూశారు. ఆ పేరుతో నిజంగా పుస్తకం ఉందా, ఉంటే అందులో ఈ మాట ఉందా అని ఎవరూ తీసి చూడలేదు. 1640 నాటికి శివాజీ చిన్నపిల్లవాడు. మరాఠా సామ్రాజ్యం అప్పటికి పుట్టనేలేదు. ఆ కొంకణ ప్రాంతం బీజాపూర్ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. దక్కను చరిత్ర కాస్త లోతుగా చదివిన అధ్యాపకుడు ఒక్కరు ఆ పేజీ తెరిచి ఉంటే మొదటి పేరాలోనే ఆగిపోయేవారు. ఐదేళ్లలో అలాంటి మనిషి ఆ పేజీకి రాలేదు, వచ్చి ఉంటే నోరు విప్పలేదు.

తలుపు తెరిచి ఉంది కాబట్టి అబద్ధం లోపలికి వచ్చింది. అదే తలుపులోంచి వచ్చిన మామూలు పాఠకుడొకరు దాన్ని పట్టుకున్నారు. మధ్యలో ఐదేళ్లు వృథా కావడానికి కారణం విషయం తెలిసినవాళ్లు అటువైపు రాకపోవడమే. తలుపు మూసేయమని కొందరు అంటారు. మూసి చూశారు కూడా. అప్పుడేం జరిగిందో తెలిస్తే అసలు మందు ఎక్కడుందో అర్థమవుతుంది.

ఏడు దశలు... పాతిక వ్యాసాలు

వికీపీడియాను పుట్టించినవాళ్లకు నిపుణులంటే గిట్టదని చాలామంది అనుకుంటారు. వాళ్లు మొట్టమొదట తలపెట్టింది నిపుణుల విజ్ఞాన సర్వస్వాన్నే. 2000 మార్చిలో అమెరికాలో జిమ్మీ వేల్స్ తన కంపెనీ డబ్బుతో 'న్యూపీడియా' మొదలుపెట్టారు. తత్వశాస్త్రం చదివిన లారీ సాంగర్‌ను ప్రధాన సంపాదకుడిగా పెట్టుకున్నారు. రాసేవాళ్లు ఆ రంగంలో నిజమైన పండితులై ఉండాలన్నది నియమం. వ్యాసం ఎవరికి అప్పగించాలి, ఎవరు సమీక్షించాలి అన్న దగ్గర మొదలై సమీక్ష, బహిరంగ సమీక్ష, భాష దిద్దడం, మళ్లీ అందరి ముందు దిద్దడం, చివరి ఆమోదం వరకు మొత్తం ఏడు దశలు దాటితే తప్ప ఒక వ్యాసం వెలుగు చూసేది కాదు. 2003లో మూతపడేనాటికి ఆ ఏడు దశలూ దాటిన వ్యాసాలు పాతిక దాకా ఉన్నాయి.

ఈ నత్తనడక భరించలేక, ఎవరైనా చిత్తుప్రతులు రాసుకునేందుకు పక్కన ఒక చోటు ఉంటే బాగుంటుందని 2001 జనవరి 15న వికీపీడియాను తెరిచారు. న్యూపీడియాకు ముడిసరుకు అందించడం దాని పని అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి అందులో దాదాపు ఇరవై వేల వ్యాసాలు చేరాయి.

ఈ కథ వింటుంటే తెలుగువాళ్లకు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గుర్తుకు రాకమానరు. వందేళ్ల కిందట ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్నారు. చరిత్ర నుంచి విజ్ఞానశాస్త్రాల దాకా ప్రతి విషయాన్నీ ఎరిగినవాళ్లతో రాయించాలని, లేదంటే తానే రాయాలని, ప్రతి అక్షరం సరిచూడాలని పట్టుపట్టారు. మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటి పరిశోధకుడు ఆయన దగ్గర పనిచేసినవారే. మూడు సంపుటాలు వెలువడేసరికి అవి 'అ' అక్షరంతోనే నిండిపోయాయి. 1923లో లక్ష్మణరావు కన్నుమూశారు. ఆయన నిబద్ధత ముందు నేను తలవంచుతాను. కానీ పండితుల చేతుల మీదుగా మాత్రమే సాగాల్సిన విజ్ఞాన సర్వస్వం ఒక మనిషి ఆయుష్షును మించిపోతుందని మనకు అమెరికా చెప్పనక్కర్లేదు.

న్యూపీడియా మూతపడినా ఆ ఆలోచన చావలేదు. వికీపీడియా నుంచి విడిపోయిన సాంగర్ 2006లో 'సిటిజెండియం' ప్రకటించి మరుసటి ఏడాది జనం ముందుకు తెచ్చారు. అసలు పేర్లతోనే రాయాలి, నిపుణులు ఆమోదముద్ర వేయాలి. మొదట్లో ఉత్సాహంగా వచ్చినవాళ్లు క్రమంగా పల్చబడ్డారు. గూగుల్ అంతటి సంస్థ 2008లో రచయితల పేర్లు, ఫొటోలతో 'నోల్' తెరిచి 2012లో మూసేసింది. 2006లో మొదలైన 'స్కాలర్‌పీడియా' మాత్రం మెదడు శాస్త్రం, గణితం వంటి కొద్ది రంగాలకు పరిమితమై, ఆయా సిద్ధాంతాలు కనిపెట్టినవాళ్లతోనే రాయించి నిలదొక్కుకుంది. అది పరిశోధకులు చదివే చోటు. ఇంట్లో జ్వరం వచ్చిన పిల్లను ఒళ్లో పెట్టుకుని వెతికే తల్లి అక్కడికి వెళ్లదు.

తప్పుల లెక్క

తెరిచిన తలుపు వల్ల ఎంత నష్టమో 2005లో ఒక్కసారిగా బయటపడింది. జాన్ సీగెంథేలర్ అమెరికాలో పేరున్న పాత్రికేయుడు, ఒకప్పుడు రాబర్ట్ కెనెడీ దగ్గర సహాయకుడు. కెనెడీ సోదరులిద్దరి హత్యల్లోనూ ఆయన చేయి ఉందని ఒకప్పుడు అనుమానించారంటూ ఆ ఏడాది మేలో ఎవరో ఆయన పేజీలో రాసిపెట్టారు. నాలుగు నెలలపాటు ఆ మాట అలాగే ఉంది. తన ఆప్తుడి హత్యను తనకే అంటగట్టిన ఆ పేజీ గురించి నవంబరులో ఆయన 'యూఎస్ఏ టుడే' పత్రికలో రాసిన వ్యాసం ఆ వ్యవస్థను కుదిపేసింది. ఖాతా లేనివాళ్లు ఇంగ్లిషు వికీపీడియాలో కొత్త పేజీలు సృష్టించకుండా డిసెంబరులోనే అడ్డుకట్ట వేశారు. బతికున్న మనుషుల మీద ఆధారం లేని నింద కనబడితే చర్చ కోసం ఆగకుండా వెంటనే తీసేయాలన్న కఠిన నియమం ఆ తర్వాత వచ్చింది. జర్మన్ వికీపీడియా 2008లో ఇంకో అడుగు ముందుకు వేసింది. కొత్తవాళ్లు చేసిన మార్పును అనుభవమున్న వాడుకరి ఒకరు చూసేదాకా పాఠకుల కంటబడనివ్వకుండా ఏర్పాటు చేసింది.

అదే 2005 డిసెంబరులో 'నేచర్' పత్రిక ఒక పోలిక అచ్చువేసింది. సైన్సుకు సంబంధించిన 42 అంశాల మీద వికీపీడియా, బ్రిటానికా విజ్ఞాన సర్వస్వాల వ్యాసాలను ఏది ఎక్కడిదో చెప్పకుండా ఆయా రంగాల నిపుణుల చేత చదివించింది. వికీపీడియాలో 162 తప్పులు, బ్రిటానికాలో 123 తేలాయి. వ్యాసానికి ఒకదాంట్లో నాలుగు, మరోదాంట్లో మూడు అన్నమాట. తీవ్రమైన తప్పులు చెరి నాలుగు. బ్రిటానికా మండిపడింది, ఆ పరిశీలన పద్ధతే తప్పని 2006 మార్చిలో సుదీర్ఘమైన ఖండన విడుదల చేసింది. నేచర్ వెనక్కి తగ్గలేదు.

ఎవరు గెలిచారన్న వాదన నాకు అంత ముఖ్యంగా తోచదు. నిపుణులు ఎత్తిచూపిన ఆ తప్పుల జాబితాను వికీపీడియా వాడుకరులు ముందు పెట్టుకుని కొద్ది వారాల్లోనే దిద్దేశారు. ఈ ఉదంతంలో గుర్తుంచుకోవాల్సింది అదే. నిపుణులు చెప్పారు, చెప్పింది వినే చేతులు సిద్ధంగా ఉన్నాయి. ఆ రెండూ ఒకచోట కలిసిన అరుదైన సందర్భం అది.

ప్రొఫెసర్ మాట చెల్లదా?

నిపుణులు రాకపోవడానికి వాళ్లను మాత్రమే తప్పుపట్టలేం. వచ్చినవాళ్లలో కొందరికి ఎదురైన అనుభవం చేదుది. తిమోతీ మెస్సర్-క్రూస్ అమెరికాలో చరిత్ర ఆచార్యుడు. 1886లో షికాగోలో జరిగిన హేమార్కెట్ బాంబు పేలుడు, ఆ కేసు విచారణ మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఆ కేసులో ప్రాసిక్యూషన్ నిందితులను పేలుడుతో ముడిపెట్టే సాక్ష్యమే చూపలేదని వికీపీడియాలో ఉంది. కోర్టు రికార్డులు తిరగేసిన ఆయనకు అది నిజం కాదని తెలుసు. దిద్దారు. మళ్లీ పాత మాటే వచ్చి కూర్చుంది. ఎక్కువ పుస్తకాలు ఏం చెబితే దానికే చోటు అన్నారు అక్కడి వాడుకరులు. తన పుస్తకం అచ్చయ్యాక మళ్లీ వెళ్తే, ఒక్కరి అభిప్రాయాన్ని అందరి మాట మీద కూర్చోబెట్టలేమన్నారు. 2012లో ఆయన ఈ సంగతంతా పత్రికకు ఎక్కించారు. ఆ ఏడాదే నవలా రచయిత ఫిలిప్ రాత్ తన నవలకు ప్రేరణ ఎవరో తానే స్వయంగా చెప్పినా వికీపీడియా ఒప్పుకోలేదని 'న్యూయార్కర్'లో బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖ అచ్చయ్యాక అదే ఆధారంగా మారి పేజీలోకి ఎక్కింది.

చదివితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అయినా ఆ నియమం ఎందుకు పుట్టిందో చూడాలి. తెర వెనక ఉన్న మనిషి ఎవరో తెలియని చోట 'నేను ప్రొఫెసర్‌ని' అన్న మాటకు విలువ కట్టడం ఎలా? మత విషయాల ఆచార్యుడినని చెప్పుకుంటూ వికీపీడియాలో పెద్ద హోదాలకు ఎదిగిన ఒక వాడుకరి, డిగ్రీ ఏదీ లేని 24 ఏళ్ల యువకుడని 2007లో తేలింది. అంతకు ముందే 'న్యూయార్కర్' పత్రిక కూడా అతన్ని ఆచార్యుడిగానే పరిచయం చేసింది. అప్పటినుంచీ 'మీరెవరు' అన్న ప్రశ్న వెనక్కి పోయి 'ఎక్కడుంది' అన్న ప్రశ్నే మిగిలింది. మూలం చూపిస్తే మాట నిలుస్తుంది. అందుకే అచ్చులో లేనివాళ్లకు అక్కడ చోటు దొరకడం కష్టం. 2018 అక్టోబరులో డోనా స్ట్రిక్‌లాండ్‌కు భౌతికశాస్త్ర నోబెల్ ప్రకటించిన రోజు ఉదయానికి వికీపీడియాలో ఆమె పేజీ లేదు. అదే ఏడాది ఎవరో రాసి పెట్టినా, ఆమె గురించి రాసిన మూలాలు చాలవని మేలో తిరస్కరించారు. మేరీ క్యూరీ, మరియా గోపర్ట్ మేయర్ తర్వాత ఆ బహుమతి పొందిన మూడో మహిళ ఆమె. పత్రికలు పట్టించుకోని మనిషిని వికీపీడియా కూడా పట్టించుకోలేకపోయింది.

మూలం అన్నది కూడా ఒక్కోసారి తిరిగి తిరిగి మొదటికే వస్తుంది. 2009లో ఫ్రెంచి సంగీత దర్శకుడు మోరిస్ జార్ చనిపోయినప్పుడు, డబ్లిన్‌లో ఒక విద్యార్థి ఆయన పేజీలో తాను కల్పించిన ఒక వాక్యాన్ని ఆయన అన్నట్టుగా చేర్చాడు. ఆధారం లేదని వికీపీడియా వాడుకరులు దాన్ని తీసేస్తూనే ఉన్నారు. ఈలోగా 'గార్డియన్' సహా కొన్ని పత్రికలు ఆ వాక్యాన్ని నివాళి వ్యాసాల్లో అచ్చువేసేశాయి. రాత్రి పది గంటలకు ఎవరైనా ప్రముఖులు పోయారంటే మన పత్రికల డెస్కుల్లోనూ మొదట తెరిచేది వాళ్ల వికీపీడియా పేజీనే. అక్కడ తీసుకున్న మాట రేపు మన పత్రికలో వస్తే, ఎల్లుండి అదే మాటకు మన పత్రికే మూలమవుతుంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరం భయపడాల్సిన విషయం ఇది.

డెంగీ వ్యాసం నేర్పింది

మరి నిపుణుల సమీక్ష ఎక్కడా ఫలించలేదా? ఫలించింది. వైద్యంలో.

కెనడాలో అత్యవసర విభాగం డాక్టరు జేమ్స్ హైల్మన్. వికీపీడియాలో ఊబకాయం మీద వ్యాసం తప్పులతో ఉందని గమనించి దిద్దడం మొదలుపెట్టిన మనిషి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. ఆయనలాంటి డాక్టర్లు, వైద్య విద్యార్థులు, సూక్ష్మజీవుల శాస్త్రవేత్తలు ఒక బృందంగా చేరారు. వాళ్లు ముందు నిబంధనలు బిగించారు. ఎలుకల మీద ఒక ప్రయోగం విజయవంతమైందని పత్రికలో వచ్చిన వార్త పనికిరాదు. ఒక మందు గురించి రాయాలంటే ఎన్నో ప్రయోగాల ఫలితాలను కలిపి తూచిన సమీక్షా పత్రాలో, ప్రామాణిక వైద్య గ్రంథాలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ వంటివి ఇచ్చిన మార్గదర్శకాలో చూపాలి. అవి కూడా వీలైనంత కొత్తవై ఉండాలి. చూడటానికి చిన్న నియమమే. కానీ అద్భుత ఔషధాల ప్రచారం చాలా వరకు ఈ ఒక్క నియమం దగ్గరే ఆగిపోతుంది.

డెంగీ జ్వరం మీద వ్యాసాన్ని ఆ బృందం అలాగే వాక్యం వాక్యం సరిచూసి విశేష వ్యాసం స్థాయికి తెచ్చింది. తర్వాత ఎవరూ చేయని పని చేసింది. ఆ వ్యాసాన్ని వైద్య పత్రికకు పంపింది. 'ఓపెన్ మెడిసిన్' అనే కెనడా పత్రిక దాన్ని మామూలు పరిశోధన పత్రంలాగే బయటి నిపుణుల సమీక్షకు పెట్టి, వాళ్లడిగిన మార్పులు చేయించి, 2014 అక్టోబరులో ప్రచురించింది. ఎవరైనా దిద్దగల పేజీ ఒకటి నిపుణుల సమీక్ష దాటి వైద్య పత్రికలో అచ్చయింది. అలా వచ్చిన మార్పులు వికీపీడియా పేజీకీ చేరాయి. ఇదే దారిలో ఆ తర్వాత వికీ వైద్య పత్రిక ఒకటి ప్రత్యేకంగా పుట్టింది. 'ప్లాస్ కంప్యుటేషనల్ బయాలజీ' అనే శాస్త్ర పత్రిక 2012 నుంచి, సమీక్ష దాటిన కొన్ని వ్యాసాలను తన పేజీలతోపాటు వికీపీడియాలోనూ పెట్టిస్తోంది. 2020 అక్టోబరులో, కొవిడ్ నడుమ, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన చిత్రాలూ సమాచారమూ వికీపీడియాలో స్వేచ్ఛగా వాడుకునేందుకు ఒప్పందం చేసుకుంది.

న్యూపీడియాలో నిపుణుడు వాకిట్లో నిలబడి, తాను ఒప్పుకుంటేనే లోపలికి అన్నాడు. డెంగీ వ్యాసం దగ్గర నిపుణుడు లోపలికి వచ్చి నలుగురితో కలిసి కూర్చున్నాడు. అందరూ రాసినదాన్ని చదివాడు, తప్పు చూపాడు, ఆధారం పెట్టాడు. ఆ పని చేసినందుకు అతని అధికారం తగ్గలేదు, వ్యాసం వేగమూ తగ్గలేదు. నా దృష్టిలో ఈ చర్చకు ఇంతకన్నా తిరుగులేని జవాబు లేదు.

కాపలా లేని చిన్న భాషలు

ఇంగ్లిషుకు వేలమంది కాపలా ఉన్నారు. చిన్న భాషల సంగతి వేరు. స్కాట్లండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాష వికీపీడియాలో వేల వ్యాసాలు ఆ భాషే రాని అమెరికన్ కుర్రాడు రాశాడని 2020 ఆగస్టులో బయటపడింది. ఇంగ్లిషు వాక్యాల్లో అక్కడక్కడా మాటలు మార్చి ఏళ్ల తరబడి నింపాడు. అతనిలో దురుద్దేశం లేదు, పన్నెండేళ్ల వయసులో ఇష్టంతోనే మొదలుపెట్టాడు. తమ భాషకు జరిగిన అన్యాయం చూసి స్కాట్స్ మాట్లాడేవాళ్లు బాధపడ్డారు. అయితే అన్నేళ్లూ ఆ పేజీలు వాళ్ల కళ్ల ముందే ఉన్నాయి. చైనీస్ చిన్న భాషేమీ కాదు, అయినా అక్కడా ఇదే జరిగింది. మధ్యయుగపు రష్యా చరిత్ర మీద ఒక గృహిణి పదేళ్లపాటు లేని గనులు, లేని యుద్ధాలు కల్పించి రెండు వందలకు పైగా వ్యాసాలు రాసింది. 2022లో ఒక నవలా రచయిత తన కథ కోసం వెండి గని గురించి వెతుకుతూ మూలాలు పట్టి చూస్తే గుట్టు బయటపడింది. ఇక్కడా పట్టుకున్నది పండితుడు కాదు. రష్యా చరిత్ర తెలిసిన పండితులు చైనాలో లేరనీ కాదు.

ఇక మన సంగతి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. తెలుగు టైపు చేయడమే గగనమైన ఆ రోజుల్లో లిప్యంతరీకరణకు 'పద్మ' అనే ఉపకరణాన్ని తయారుచేసిన వెన్న నాగార్జున చేతుల మీదుగా అది మొదలైంది. ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, రిటైరైనవాళ్లు, ఉపాధ్యాయులు, గృహిణులు, విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు కలిసి పెంచిన ఆస్తి ఇది. నిలకడగా రాసేవాళ్ల సంఖ్య మాత్రం, ఇంత పెద్ద భాషకు, చాలా చిన్నది. వాళ్లు చేసిన పని ఎలాంటిదో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2016 దసరా నాడు తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, తర్వాత ముప్పై మూడయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. ఒక్క ఉత్తర్వుతో వేల ఊళ్ల పేజీల్లో జిల్లా తప్పయిపోయింది, కొన్నిచోట్ల మండలమూ తప్పయింది. వాడుకరులు ప్రభుత్వ ఉత్తర్వులను ముందేసుకుని ఒక్కో ఊరి పేజీ దిద్దుకుంటూ వెళ్లారు.  ఊరి పేజీలో జిల్లా సరిగ్గా ఉందంటే వెనక ఇంత చాకిరీ ఉంది.

దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. 2009 ప్రాంతంలో గూగుల్ సంస్థ తన అనువాద ఉపకరణంతో, కిరాయి అనువాదకులతో ఇంగ్లిషు వ్యాసాలను తెలుగు సహా కొన్ని భారతీయ భాషల్లోకి తెప్పించి వికీపీడియాల్లో పెట్టించింది. వ్యాసాలు పొడుగ్గా ఉన్నాయి, చదవబోతే అర్థమయ్యేవి కావు. వైద్యం, ఇంజినీరింగు విషయాల్లో ఏ మాట ఏ మాటకు వచ్చిందో రాసినవాళ్లకైనా తెలుసో లేదో. బెంగాలీవాళ్లు ఆ వ్యాసాలు మాకొద్దని తేల్చి చెప్పారు. అలాంటివాటిని బాగుచేయాలంటే భాష తెలిసినవాళ్లు చాలరు. గుండె జబ్బు వ్యాసానికి డాక్టరు కావాలి, వంతెన వ్యాసానికి ఇంజినీరు కావాలి. వాళ్లు తెలుగులో రాయగలగాలి కూడా. 1968 నుంచి తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాల కోసం తయారుచేసిన పారిభాషిక పదాలు ఎన్నో ఉన్నాయి. వాటిని తరగతి గదిలో నిజంగా వాడి, ఏది పలుకుతుందో ఏది పలకదో తెలిసిన అధ్యాపకులూ ఉన్నారు. ఆ అనుభవం ఇంకా వికీపీడియాకు చేరలేదు.

ఇంతకాలం ఈ నిర్లక్ష్యం ఖరీదు తక్కువే అనిపించింది. ఇప్పుడు అలా అనుకోలేం. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే కృత్రిమ మేధ యంత్రాలన్నీ వికీపీడియాను చదివి నేర్చుకున్నవే. తెలుగులో వాటికి దొరికే పాఠమే తక్కువ. ఆ తక్కువలో ఈ లక్ష వ్యాసాలు పెద్ద వాటా. పేజీలో తప్పుంటే కనీసం కింద మూలం చూసి పట్టుకోవచ్చు, యంత్రం దాన్నే తన గొంతుతో చెప్పినప్పుడు పట్టుకునే దారి మూసుకుపోతుంది. మరోవైపు ఆ యంత్రాలతోనే రాయించిన వ్యాసాలు, లేని పుస్తకాల పేర్లతో సహా, వికీపీడియాలోకి వచ్చిపడుతున్నాయి. ఇంగ్లిషులో 2025 ఆగస్టులో అలాంటివాటిని వెంటనే తొలగించే నియమం తెచ్చుకున్నారు. బిచోలిం యుద్ధాన్ని కల్పించడానికి 2007లో ఒక మనిషి ఎంతో శ్రమపడాల్సి వచ్చింది. ఇప్పుడు నిమిషం చాలు.

చదివేటప్పుడు, రాసేటప్పుడు

పాఠకులకు ఒక మాట. పేజీ తెరిచినప్పుడు చివరిదాకా జరిపి మూలాలు చూడండి. అసలు లేవా, ఉన్నవి ఎప్పటివి, ఒక్క లంకె అయినా నొక్కితే తెరుచుకుంటోందా? ఒక వాక్యం పక్కన 'ఆధారం చూపాలి' అని కనిపిస్తే అది వికీపీడియా తనంతట తాను ఇస్తున్న హెచ్చరిక. పేజీ పైన చరిత్ర నొక్కితే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో పుట్టినరోజు నుంచీ ఉంటుంది. చర్చ నొక్కితే ఆ విషయం మీద గొడవ ఏమైనా జరిగిందా అన్నది తెలుస్తుంది. రాజకీయ నాయకులు, సినిమా వసూళ్లు, కులాల చరిత్ర వంటి పేజీల్లో ఇవి చూడకుండా ఒక్క అంకె కూడా తీసుకోవద్దు. జబ్బు గురించి చదివింది డాక్టరును అడగాల్సిన ప్రశ్నలకు పనికొస్తుంది, మందు మార్చుకోవడానికి పనికిరాదు. బడిలో మాస్టార్లు వికీపీడియా చూడొద్దని పిల్లలకు చెప్పే బదులు, అందులో చూపిన మూలం తెరిచి చదివి రమ్మంటే ఆ అలవాటు జీవితాంతం ఉంటుంది.

పెద్ద విన్నపం మాత్రం విషయం తెలిసినవాళ్లకు. రెండు రాష్ట్రాల్లోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయాలున్నాయి. పత్తిలో గులాబీ రంగు పురుగు గురించి, వరిలో దోమపోటు గురించి ఆ ఆచార్యులకన్నా ఎవరికి తెలుసు? రైతు కొడుకు ఫోనులో వెతికినప్పుడు కనబడే పేజీని వాళ్లలో ఒక్కరు ఒక్కసారి చదివి పెట్టాలి. వైద్య కళాశాలల్లో పాముకాటు, డెంగీ, మధుమేహం పాఠం చెప్పే డాక్టర్లు తెలుగు పేజీ తెరవాలి. శాసనాలు చదివిన చరిత్రకారులు తమ జిల్లా గుడుల పేజీల్లో తేదీలు చూడాలి. విశ్వవిద్యాలయాలు ఈ పనిని సేవగా లెక్కగట్టి, పదోన్నతి దరఖాస్తులో దీనికో గడి ఇవ్వాలి. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల లాంటి చోట్ల విద్యార్థుల చేత తెలుగు వికీపీడియాలో రాయించారు. అదే పని అధ్యాపకుల సమీక్షతో కలిపి ప్రతి కళాశాలా చేయొచ్చు. పాత వాడుకరులకూ ఒక మాట. కొత్తగా వచ్చిన ప్రొఫెసరు పద్ధతి తెలియక మూలం పెట్టకపోతే, ఆయన రాసింది తీసేసే ముందు ఆయన చర్చ పేజీలో మర్యాదగా నాలుగు వాక్యాలు రాయండి. అలా పోగొట్టుకున్న మనిషి మళ్లీ రాడు.

రాసింది రేపు ఎవరో మార్చేస్తారేమోనని వెనకాడేవాళ్లు ఉంటారు. మారుస్తారు, నిజమే. మీరు రాసిన ప్రతి అక్షరం చరిత్రలో భద్రంగా ఉంటుంది, వీక్షణ జాబితాలో పెట్టుకుంటే మార్పు జరిగిన సంగతి మీకే తెలుస్తుంది. దిద్దడం రాకపోయినా పర్వాలేదు. మీకు బాగా తెలిసిన విషయం ఒకటి ఎంచుకుని, ఈ ఆదివారం దాని తెలుగు పేజీ తెరవండి. తప్పు కనిపిస్తే చర్చ పేజీలో ఫలానా వాక్యం తప్పు, సరైనది ఇది, ఫలానా పుస్తకం ఫలానా పేజీలో ఉంది అని రాసి వదలండి. మిగతా పని చేయడానికి అక్కడ మనుషులున్నారు.